దగ్గగలిగితేనే నొప్పి తగ్గినట్టు

(ఛాతీ కీహోల్ ఆపరేషన్ల తర్వాత నొప్పి గురించి ఒక మత్తు వైద్యురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులు కనిపిస్తున్నారు. వెనక ఆపరేషన్ అయినవాళ్లు, కాబోతున్నవాళ్లు, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకని ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడతాను. విద్యార్థులకు తెలిసిన సంగతులు కొన్ని వస్తాయి, కాస్త ఓపిక పట్టండి. మీరు రేపు ఆ సంగతులే పేషెంటుకు చెప్పాల్సి ఉంటుంది కాబట్టి, ఎలా చెప్పాలో వినండి.

మొదట ఒక ప్రశ్న. ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున్నే వార్డుకు వెళ్లి, మంచం మీద కదలకుండా పడుకున్న మనిషిని "నొప్పి ఎలా ఉంది?" అని అడుగుతాం. "పర్లేదండీ" అంటారు. కేస్ షీట్లో పదికి సున్నా అనో, రెండు అనో రాసేస్తాం. ఆ అంకె నిజమేనా? అదే మనిషిని "ఒక్కసారి గట్టిగా దగ్గండి" అని అడగండి. చెయ్యి గబుక్కున పక్కటెముకల మీదికి పోతుంది. మొహం ముడుచుకుంటుంది. దగ్గు గొంతులోనే ఆగిపోతుంది. చూశారా, అసలు నొప్పి అక్కడుంది. పడుకున్నప్పటి నొప్పి ఒకటి, దగ్గినప్పటి నొప్పి ఇంకొకటి. ఛాతీ ఆపరేషన్ తర్వాత మనం కొలవాల్సింది రెండోదాన్ని. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

దగ్గు మీద అంత పట్టు ఎందుకంటారా? ఊపిరితిత్తిని సర్జన్లు ముట్టుకున్నారు, మడిచారు, ఒక ముక్క తీశారు. ఆపరేషన్ జరిగినంతసేపూ ఆ పక్క ఊపిరితిత్తికి గాలి ఆపేసి, రెండో పక్కతోనే శ్వాస నడిపించాం. ఆ తర్వాత అందులో కఫం చేరుతుంది. అది దగ్గితేనే బయటికొస్తుంది. నొప్పికి భయపడి మనిషి పైపైన ఊపిరి తీసుకుంటే ఊపిరితిత్తి కింది భాగం ముడుచుకుపోతుంది. అక్కడ కఫం నిలిచిపోతుంది. ఆ వెనకే జ్వరం, న్యుమోనియా, మళ్లీ ఆక్సిజన్, మళ్లీ ఐసీయూ. ఆపరేషన్ ఎంత చక్కగా జరిగినా సరే. అందుకే నొప్పి తగ్గించడమంటే పేషెంటును సుఖపెట్టడం మాత్రమే కాదు, అది ఊపిరితిత్తికి చేసే వైద్యం. సుఖపెట్టడం చిన్న విషయమని అనడం లేదు. అదొక్కటే అయినా చెయ్యాల్సిందే.

ఇక కీహోల్ సంగతి. పాతకాలంలో ఛాతీ ఆపరేషన్ అంటే పక్కన పొడవైన కోత పెట్టి, పక్కటెముకల మధ్య ఇనుప పరికరం పెట్టి, వాటిని విడదీసేవాళ్లు. ఇప్పటికీ కొన్నిటికి అది తప్పదు. ఇప్పుడు చాలా ఆపరేషన్లు కెమెరాతో, రెండు మూడు రంధ్రాల్లోంచి, ఒక్కోసారి ఒక్క రంధ్రంలోంచే చేస్తున్నారు. రోబోతో చేసినా దారి పక్కటెముకల మధ్యే. నొప్పి తగ్గిందా? తగ్గింది. డెన్మార్క్‌లో పేషెంట్లను రెండు గుంపులుగా చేసి, రెండు పద్ధతుల్నీ పోల్చి చూసిన అధ్యయనం 2016లో వచ్చింది. కీహోల్ వైపు నొప్పి తక్కువని అందులో స్పష్టంగా తేలింది. ఇది మంచి మాట.

కానీ ఇంటివాళ్లు ఏమనుకుంటారు? "చిన్న గాటే కదా, నొప్పేముంటుంది?" అనుకుంటారు. పేషెంటు కూడా అదే అనుకుని, నొప్పి వస్తే చెప్పడానికి మొహమాటపడతాడు. అయ్యో, అందరూ చిన్న ఆపరేషనే అన్నారు, నాకే ఎందుకిలా ఉంది అని కుమిలిపోతాడు. దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఛాతీలో గాటు పొడవుకీ నొప్పికీ ఉన్న లెక్క మనం అనుకున్నంత తిన్ననిది కాదు.

ఎందుకో చెబుతాను. మీ పక్కటెముక మీద వేలు పెట్టండి. ఫర్వాలేదు, అందరూ పెట్టండి. ఆ ఎముక కింది అంచున లోపలివైపు ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో పైన సిర, దాని కింద ధమని, అన్నిటికంటే కింద నరం. ఎముక చాటు అందరికంటే తక్కువ దక్కేది నరానికే. ఇప్పుడు ఆ ఇరుకు సందులోంచి కెమెరా గొట్టం దూరింది. సర్జన్ పైకి చూడాలంటే దాన్ని కిందికి వంచాలి, కిందికి చూడాలంటే పైకి లేపాలి. ఒక గంట, రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఆ గొట్టం ఎముక అంచున ఉన్న నరాన్ని ఒత్తుతూనే ఉంటుంది. పైన చర్మం మీద గాటు సెంటీమీటరే. లోపల నలిగింది మాత్రం వీపు నుంచి రొమ్ము దాకా వెళ్లే నరం.

ఆపరేషన్ అయ్యాక అదే రంధ్రంలోంచి చెస్ట్ ట్యూబ్ పెడతారు. గాలి, నీరు, రక్తం బయటికి రావడానికి. మనిషి ఊపిరి పీల్చిన ప్రతిసారీ అది లోపలి పొరకు రాసుకుంటుంది. ఊపిరితిత్తికి నొప్పి తెలియదు, కానీ పక్కటెముకల లోపలివైపు అతుక్కుని ఉన్న పొరకు చాలా బాగా తెలుస్తుంది. చెయ్యి విరిగితే కట్టు కట్టి కదలకుండా ఉంచుతాం. ఛాతీని ఎలా ఉంచుతాం చెప్పండి? నిమిషానికి 15 సార్లు ఊపిరి తీసుకుంటే రోజుకు 21,600 సార్లు. అన్నిసార్లు కదిలే చోట గాయం అది.

మరి ఏం చెయ్యాలి? మార్ఫిన్ లాంటి మందులు ఇవ్వొచ్చు, ఇస్తాం కూడా. కానీ వాటితో మగత, వాంతులు, మలబద్ధకం వస్తాయి. డోసు పెరిగితే శ్వాస నెమ్మదిస్తుంది, దగ్గు అణిగిపోతుంది. ఎవరికి? ఊపిరి లోతుగా తీసుకుని బాగా దగ్గాల్సిన మనిషికి! అందుకే నొప్పి కబురు మెదడుకు చేరాక దాన్ని అణచడం కంటే, దారిలోనే ఆపడం మేలు. స్థానిక మత్తుమందు చేసేది అదే. నరంలో నొప్పి సంకేతం ముందుకు పోవాలంటే సోడియం అయాన్లు నరం లోపలికి చొరబడాలి. ఈ మందు అవి వెళ్లే ద్వారాల్ని లోపలి నుంచి మూసేస్తుంది. సంకేతం అక్కడే ఆగిపోతుంది. మందు కరిగి రక్తంలోకి వెళ్లిపోయాక ద్వారాలు మళ్లీ తెరుచుకుంటాయి. మనిషికి మెలకువ ఉంటుంది, మాట్లాడతాడు, లేచి నడుస్తాడు.

ఇది కొత్త విద్య కాదండి. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటి ఆపరేషన్‌కు కొకైన్ చుక్కలు వాడి చూపించాడు. 1910లో స్టాక్‌హోమ్‌లో యాకోబియస్ అనే వైద్యుడు ఛాతీలోకి గొట్టం పెట్టి లోపల చూసిన పద్ధతిని ప్రకటించాడు. ఇప్పటి కెమెరా ఆపరేషన్లకు మూలం అదే. ఆయన ఆ పని చేసింది స్థానిక మత్తుతోనే. అంటే ఈ రెండూ మొదటి నుంచీ కలిసే నడిచాయి. తర్వాత 1943లో స్వీడన్‌లో లిగ్నోకెయిన్, 1957లో అక్కడే బుపివకెయిన్ తయారయ్యాయి. ఛాతీకి ఇవాళ మేం ఎక్కువగా వాడేది బుపివకెయిన్, లేదంటే దాని బంధువు రోపివకెయిన్. లిగ్నోకెయిన్ త్వరగా పట్టుకుంటుంది, త్వరగా వదిలేస్తుంది. ఇవి కాస్త నిదానం, కానీ గంటల తరబడి నిలుస్తాయి.

ఎక్కడ ఇవ్వాలన్నది అసలు ప్రశ్న. గాటు అంచుల్లో చర్మం కింద ఇస్తే సరిపోతుందా? సరిపోదు. చెయ్యొద్దనడం లేదు, తేలికైన పని, అపాయం తక్కువ. కానీ చర్మం ఒక్కటే మొద్దుబారుతుంది. లోపలి పొర, నలిగిన నరం అలాగే ఉంటాయి.

నరం దగ్గరే ఇస్తే? దీన్ని ఇంటర్‌కోస్టల్ బ్లాక్ అంటాం. ఇందులో నాకు చాలా నచ్చిన సంగతి ఒకటుంది. కెమెరా ఎలాగూ లోపలే ఉంది కదా. సర్జన్ బయటి నుంచో లోపలి నుంచో సూది పెట్టి, పక్కటెముక కింద కొద్దిగా మందు వదులుతారు. అప్పుడు స్క్రీన్ మీద చూడాలి మీరు. పల్చటి మెరిసే పొర, దాని కింద నుంచి మందు చేరి, చిన్న పొక్కులా పైకి లేస్తుంది. పొక్కు లేచిందంటే మందు చేరాల్సిన పొర కిందికే చేరిందన్నమాట. లేవకుండా చుక్కలు కారితే మందు ఛాతీ ఖాళీలోకి పోయిందన్నమాట, సూది సర్దుకోవాలి. ఇలా గాటు ఉన్న సందు, దానికి పైన, కింద, మొత్తం ఐదారు సందుల్లో ఇస్తారు. కళ్లతో చూస్తూ చేసే పని, ఎక్కువ టైమూ పట్టదు.

మేం, అంటే మత్తు డాక్టర్లం, ఎక్కువగా చేసేది పారావెర్టెబ్రల్ బ్లాక్. నరం వెన్నెముక నుంచి బయటికొచ్చే చోట, వెన్ను పక్కన ముక్కోణపు ఖాళీ ఒకటుంది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదిని అక్కడికి చేరుస్తాం. ఒక్కచోట ఇచ్చిన మందు పైకీ కిందికీ పాకి కొన్ని నరాల్ని పట్టుకుంటుంది. ఈ పద్ధతి 1905 నాటిదే. మధ్యలో మరుగున పడి, మళ్లీ వెలుగులోకొచ్చింది. దానికంటే పైపైన, వీపు కండరం కింద మందు ఇచ్చే ఎరెక్టర్ స్పైనే బ్లాక్ గురించి 2016లో రాశారు. అది చెయ్యడం తేలిక, ఊపిరితిత్తికి సూది తగిలే భయం తక్కువ. మందు పాకే తీరు మాత్రం మనిషి మనిషికీ మారుతుంది. చంక కింద కండరం దగ్గర ఇచ్చే సెరేటస్ బ్లాక్ ఇంకొకటి. యూరప్‌లో ప్రాస్పెక్ట్ అనే నిపుణుల బృందం ఉంది. ఒక్కో ఆపరేషన్‌కు నొప్పి వైద్యం ఎలా ఉండాలో సూచనలిస్తుంది. కీహోల్ ఛాతీ ఆపరేషన్లకు 2022లో వాళ్లు పారావెర్టెబ్రల్, ఎరెక్టర్ స్పైనే బ్లాకులను ముందు పెట్టారు, సెరేటస్‌ను రెండో వరుసలో ఉంచారు. ఎపిడ్యూరల్, అంటే వెన్నెముక లోపల వెన్నుపాము పొర బయట మందు ఇచ్చే పద్ధతి, వద్దన్నారు. పెద్ద కోతకు ఎపిడ్యూరల్ ఎన్నో ఏళ్లుగా గొప్ప ఆసరా. కానీ దానితో బీపీ పడిపోతుంది, మూత్రం ఆగిపోతుంది, చిన్న గాట్లకు అంత అవసరం లేదు. ట్యూబ్‌లోంచి ఛాతీ ఖాళీలోకే మందు పోసే పద్ధతి కూడా ఉంది. అది నీటిలో కలిసిపోయి, ట్యూబ్‌లోంచే బయటికి కారిపోతుంది. దాన్ని నేను సమర్థించను.

విద్యార్థులు నన్ను ఎప్పుడూ అడుగుతారు, "ఏ బ్లాక్ మంచిది మేడమ్?" అని. మీ ఆస్పత్రిలో ఎవరి చేతికి ఏది బాగా అలవాటో అది. జాగ్రత్తగా చేసిన ఇంటర్‌కోస్టల్ బ్లాక్, తడబడుతూ చేసిన పారావెర్టెబ్రల్ కంటే పేషెంటుకు మేలు చేస్తుంది. నా అభిప్రాయం ఇది.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన విషయం. డోసు. మందు రక్తంలోకి ఎంత వేగంగా చేరుతుందన్నది ఇచ్చే చోటును బట్టి మారుతుంది. మామూలుగా చేసే బ్లాకులన్నిటిలోకీ ఎక్కువ వేగంగా చేరేది పక్కటెముకల సందుల్లోంచే. ఎందుకంటే నరం పక్కనే సిర, ధమని ఉన్నాయి, ఇందాక వేలు పెట్టి చూశాం కదా. బుపివకెయిన్ కిలో బరువుకు సుమారు 2 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క పెట్టుకుంటాం. 60 కిలోల మనిషికి 120 మిల్లీగ్రాములు. పావు శాతం మందైతే 48 మిల్లీలీటర్లు. అర శాతం మందైతే అందులో సగం, 24 మిల్లీలీటర్లే. సీసా మీద అంకె సరిగా చూడకపోతే ఏమవుతుందో ఆలోచించండి. వృద్ధులకు, బక్కగా ఉన్నవాళ్లకు, లివర్ బాగోలేనివాళ్లకు ఇంకా తగ్గించాలి.

ఇంకొకటి. మత్తు డాక్టరు మొదట్లో బ్లాక్ ఇచ్చారు. చివర్లో సర్జన్ గాట్ల దగ్గర మళ్లీ మందు ఎక్కించబోతున్నారు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఆ 120 మిల్లీగ్రాములే. విడివిడిగా లెక్కపెట్టుకుంటే రెట్టింపు పోతుంది. అందుకే థియేటర్లో పైకి చెప్పుకోవాలి: "ఇంత ఇచ్చాం, ఇంత మిగిలింది." బోర్డు మీద రాయాలి. సిస్టర్లూ, ఇది మీరు అడగండి. డాక్టర్లు ఏమనుకుంటారోనని ఆగొద్దు.

మోతాదు మించితే ఏమవుతుంది? మెలకువగా ఉన్న మనిషికి నోటి చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, తర్వాత ఫిట్స్, ఆ తర్వాత గుండె లయ తప్పడం. పూర్తి మత్తులో ఉన్న మనిషి ఇవేవీ చెప్పలేడు, మానిటర్ మీద గుండె మార్పే మొదట కనిపించొచ్చు. బుపివకెయిన్ గుండెను ఎంత మొండిగా పట్టుకుంటుందో 1979లో వచ్చిన ఒక హెచ్చరికతో ప్రపంచమంతా మేలుకొంది. దీనికి విరుగుడుగా 20 శాతం కొవ్వు ద్రావణాన్ని సిరలోకి ఎక్కిస్తాం, మొదట కిలోకు ఒకటిన్నర మిల్లీలీటర్ల చొప్పున. ఎలుకల మీద 1998లో చేసిన ప్రయోగాలతో అది మొదలైంది. బ్లాకులు చేసే ప్రతి చోటా ఆ సీసా చేతికందేలా ఉండాలి. బీరువాలో తాళం వేసి కాదు. ఇంటివాళ్లు భయపడొద్దు, ఇది అరుదు. లెక్క తప్పకుండా చేస్తే ఇంకా అరుదు. అరుదైనదానికి సిద్ధంగా ఉండటమే మా పని.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. బ్లాక్ ఎంతసేపుంటుంది? ఒక్కసారి ఇచ్చిన బుపివకెయిన్ రమారమి 8 నుంచి 12 గంటలు. చెస్ట్ ట్యూబ్ ఎన్నాళ్లుంటుంది? తరచుగా రెండు మూడు రోజులు. ఈ తేడా ఎవరు పూడుస్తారు?

మధ్యాహ్నం ఒంటిగంటకు బ్లాక్ ఇచ్చామనుకోండి. సాయంత్రం పేషెంటు నవ్వుతూ ఉంటాడు. దగ్గమంటే దగ్గుతాడు. కూర్చుంటాడు. అందరికీ సంతోషం. "నొప్పి లేదు కదా, మాత్ర ఎందుకు?" అని ఇంటివాళ్లు పక్కన పెడతారు, ఒక్కోసారి వార్డులోనూ అలాగే అనుకుంటారు. రాత్రి పది, పదకొండు, పన్నెండు... మందు వదిలేస్తుంది. నిద్రలో ఉన్న మనిషి ఒక్కసారిగా నొప్పితో లేస్తాడు. వార్డులో ఉన్నది ఇద్దరు నర్సులు. డ్యూటీ డాక్టరు ఎమర్జెన్సీలో ఉన్నాడు. అప్పుడు మాత్ర వేస్తే అది పనిచేయడానికి అరగంట, గంట. పొద్దున్నుంచీ పడిన కష్టమంతా ఆ గంటలో పోతుంది. ఆ రాత్రి తర్వాత పేషెంటు దగ్గడానికే భయపడతాడు.

అందుకే బ్లాక్ పనిచేస్తున్నప్పుడే మాత్రలు మొదలవ్వాలి. నొప్పి వచ్చాక కాదు, గడియారం ప్రకారం. పెద్దవాళ్లకు, లివర్ బాగుంటే, పారాసెటమాల్ ఆరు గంటలకోసారి గ్రాము. కిడ్నీలు, కడుపు బాగుండి సర్జన్ సరేనంటే ఐబుప్రొఫెన్ తరహా మందు దానికి తోడు. మార్ఫిన్ తరహా మందు చివరి ఆసరాగా మాత్రమే. నొప్పి ఎక్కువ ఉంటుందనుకున్నవాళ్లకు వెన్ను పక్కన సన్నటి గొట్టం ఉంచి రెండు మూడు రోజులు మందు నెమ్మదిగా వెళ్లేలా చేస్తాం. కొవ్వు బుడగల్లో పెట్టి, నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన బుపివకెయిన్ కూడా ఉంది. అమెరికాలో 2011లో దానికి అనుమతి వచ్చింది. పోల్చి చూసిన అధ్యయనాల్లో మామూలు బుపివకెయిన్ కంటే అది పెద్దగా మెరుగని గట్టిగా తేలలేదు. కొత్త మందు కోసం చూడటం కంటే ఉన్న మందును టైముకు ఇవ్వడం మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఇంకొక్క మాట. బ్లాక్ బాగా పనిచేస్తున్నా కొందరు "భుజం లాగేస్తోంది" అంటారు. ఆపరేషన్ అయిన వైపు భుజమే. పడుకోబెట్టిన తీరు వల్ల కావచ్చు. తరచుగా మాత్రం ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం) నుంచి, గుండె చుట్టూ ఉన్న పొర నుంచి ఫ్రెనిక్ నరం మోసుకొచ్చే నొప్పి అది. ఆ నరం మెడలోంచి మొదలవుతుంది కాబట్టి మెదడు దాన్ని భుజం నొప్పిగా చదువుతుంది. పక్కటెముకల నరాల్ని ఎంత మొద్దుబార్చినా ఇది తగ్గదు. బ్లాక్ ఫెయిలైందని అనుకోవద్దు, భుజానికి కాపడం పెట్టి వదిలేయొద్దు. ఐబుప్రొఫెన్ తరహా మందులు కొంత పనిచేస్తాయి, రెండు రోజుల్లో చాలామందికి తగ్గిపోతుంది. ట్యూబ్ తీసే ముందు కూడా మందు పని చేసేలా టైము చూసి ఇవ్వండి. తీసేది ఒక్క క్షణమే, కానీ ఆ క్షణం చాలామందికి గుర్తుండిపోతుంది.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం.

ఆ అమ్మగారు అడుగుతున్నారు, వాళ్లాయనకు ఆపరేషన్ అయి నెలలు దాటినా రొమ్ము కింద తిమ్మిరిగా ఉందట, చొక్కా తగిలితే మండుతుందట, మత్తు ఇంజెక్షన్ వల్లేనా అని. అమ్మా, మత్తుమందు అన్నాళ్లు ఉండదు. మొదట్లో చెప్పాను కదా, గొట్టం కింద నలిగిన నరమని. ఆ నరం వీపు నుంచి ముందుకొస్తుంది, కొన్ని పొట్ట పైభాగానికీ వెళ్తాయి. అందుకే గాటు పక్కన ఉన్నా తిమ్మిరి ముందు తెలుస్తుంది. కొందరికి ఆ పక్క పొట్ట కాస్త ఉబ్బినట్టూ ఉంటుంది. చాలామందిలో నెలల మీద నెమ్మదిస్తుంది. మూడు నెలలు దాటినా నొప్పి ఉంటే మాత్రం భరించమని చెప్పను. అది నరం నొప్పి, దానికి వేరే మందులున్నాయి. మామూలు నొప్పి మాత్రలు మింగుతూ కూర్చోకుండా నొప్పి క్లినిక్‌కు తీసుకెళ్లండి. ఇది ఆయన ఊహ కాదు, నిజమైన నొప్పే.

వెనక ఆయన: గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను, నాకు ఈ బ్లాక్ ఇవ్వొచ్చా అని. మంచి ప్రశ్న. వెన్ను పక్కన లోతుగా ఇచ్చే బ్లాకులో రక్తం కారితే బయటి నుంచి నొక్కి ఆపలేం. కాబట్టి ఏ మందు, ఎంత డోసు, ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారు అన్నదాన్ని బట్టి మేం నిర్ణయిస్తాం. కొన్నిటికి కొన్ని రోజుల ముందు ఆపాలి, కొన్ని ఆపకూడదు. మీ అంతట మీరు ఆపేయొద్దు, స్టెంట్ ఉన్నవాళ్లు అసలే వద్దు. లోతు బ్లాక్ కుదరకపోతే చంక కింద పైపైన ఇచ్చేది ఉంది, గాట్ల దగ్గర ఇచ్చేది ఉంది. మీరు చెయ్యాల్సింది ఒకటే. వాడే ప్రతి మాత్ర పేరు, డోసు, ఆఖరిసారి వేసుకున్న టైము ఒక చీటీ మీద రాసి, ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే మత్తు డాక్టరు చేతికివ్వండి. థియేటర్ గుమ్మం దగ్గర చెబితే అప్పటికి మా దగ్గర దారులు తగ్గిపోయి ఉంటాయి.